పొగగొట్టాన్ని ఫ్రేములో ఉండనిచ్చాను

మా స్టూడియో గోడ మీద ఆరేళ్ళుగా ఒక ఫోటో ఉంది. కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేరు, తెల్లవారుజాము, నీళ్ళ మీద పల్చటి మంచు, ఒంటరి పడవ. వచ్చినవాళ్ళంతా కేరళలో తీశారా అని అడిగేవాళ్ళు. ఆ మాటకి సంతోషపడేవాణ్ణి. మొన్న మాఘమాసంలో ఆల్బమ్ తీసుకోటానికి ముత్తుకూరు నుంచి ఒక పెళ్ళికొడుకు తల్లి వచ్చింది. ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. "ఇది మా రేవు మాదిరే ఉండాదే నాయనా, మరి గొట్టం యాడ పోయింది?" అంది.

ఎక్కడికీ పోలేదు. నేనే తప్పించాను. తీసేటప్పుడు నాలుగడుగులు కుడికి జరిగాను. అప్పటికీ కొస మిగిలితే కంప్యూటర్లో చెరిపేశాను. ఆమె రోజూ పొద్దున లేవగానే చూసే దృశ్యంలోంచి సగం తీసేసి, మిగతా సగాన్ని అందం అని గోడకి తగిలించాను. ఆ మాట ఆమెకి చెప్పలేకపోయాను.

శివరాత్రి వెళ్ళింది, చలి శివశివా అంటూ పోయింది. మార్చిలో మూఢం వచ్చింది, పెళ్ళిళ్ళు లేవు. మా బావమరిది కారు తీశాడు. ఒంగోలు నుంచి కృష్ణపట్నం దాకా అయిదు రోజులు. మనుషులు పని చేసే చోట్లూ, జనం చూడ్డానికి వెళ్ళే చోట్లూ కలిపి తియ్యాలి, దేన్నీ పక్కకి నెట్టకూడదు అని మాత్రం అనుకున్నాను.

మొదటి రోజు: చీమకుర్తి

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డులో సంతనూతలపాడు దాటితే ఇక రాయి మొదలవుతుంది. లారీల మీద రాయి, రోడ్డు పక్కన రాయి. బడ్డీకొట్టు ముందు కూర్చునే బల్ల కూడా రాయే. పనికిరాదని పక్కన పడేసిన ముక్కల్ని పేర్చి పొలాలకి ప్రహరీలు కట్టుకున్నారు. దూరంగా కొండలనిపించేవి దగ్గరికి వెళ్తే కొండలు కావు, క్వారీల్లోంచి తీసి పోసిన వ్యర్థం డంపులు. చిన్నప్పుడు ఈ దారిన వెళ్ళినప్పుడు ఇన్ని గుట్టలు లేవు.

రామతీర్థం వైపు ఒక క్వారీలోకి ముందుగానే అనుమతి అడిగి పెట్టుకున్నాను. హెల్మెట్ పెట్టుకోవాలి, అంచుకి వెళ్ళకూడదు, మందు పేల్చే వేళకి పైకి వచ్చెయ్యాలి. ఈ మూడింటికీ ఒప్పుకుని దిగాం. గుంట అనే మాట దానికి చాలదు. పైనుంచి చూస్తే ఒక పెద్ద కోనేరు మెట్లలాగా ఉంటుంది, ఒక్కో మెట్టు మనిషికి మూడు నాలుగింతల ఎత్తు. అడుగున ఆకుపచ్చ నీళ్ళు. ఆ నీళ్ళ పక్కన పసుపు రంగు పొక్లెయిన్ పిల్లలు ఆడుకునే బొమ్మలా కనిపించింది. మొదట మనుషులు లేకుండా మూడు ఫోటోలు తీశాను. వెనక్కి చూసుకుంటే అది ఎంత లోతో తెలియలేదు. అడుగున నిలబడ్డ ఒక మనిషి ఎర్ర చొక్కా ఫ్రేములోకి వచ్చాకే దాని లోతు కంటికి అందింది. అప్పటినుంచి ఈ అయిదు రోజుల్లో పెద్ద దృశ్యం తీసేటప్పుడు వీలైనంతవరకూ మనిషి కూడా ఉండేలా చూసుకున్నాను.

ఇక్కడి రాయిని బ్లాక్ గెలాక్సీ అంటారు. నల్లటి రాయిలో బంగారు చుక్కలు. ప్రపంచంలో ఎక్కడ ఈ రాయి కనపడినా అది చీమకుర్తి నేలలోంచి వెళ్ళిందే. వ్యాపారంలో గ్రానైటు అంటారు గానీ, భూగర్భశాస్త్రం లెక్కలో ఇది గాబ్రో జాతి శిల. భూమి లోపల కరిగిన పదార్థం నిదానంగా చల్లారుతూ గట్టిపడినప్పుడు అందులో బ్రాంజైట్ అనే ఖనిజం పలుకులుగా ఏర్పడింది. ఆ పలుకులే చుక్కలు. ఇదంతా నేను చదువుకున్న సంగతి. చూడ్డం మాత్రం ఆ రోజే చూశాను.

వైర్ సా, అంటే రాయి కోసే తీగరంపం, దాని దగ్గర పని చేయించే మేస్త్రి ఒడిశా నుంచి వచ్చినవాడు, పదకొండేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. రాతికి పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి రంధ్రాలు వేస్తారు. రెండూ లోపల ఒకచోట కలవాలి. ఆ కలిసిన దారిలోంచి వజ్రపు పూసలు కూర్చిన తీగని దూర్చి, రెండు కొసలూ కలిపి, యంత్రం చక్రానికి తగిలిస్తారు. చక్రం తిరుగుతుంటే తీగ రాతిని కోసుకుంటూ వస్తుంది. కోత పెరిగేకొద్దీ యంత్రం పట్టాల మీద మెల్లగా వెనక్కి జరుగుతుంది. తీగ వేడెక్కకుండా నీళ్ళు పోస్తూనే ఉంటారు. ఆ కోతలోంచి తెల్లటి బురద పాలలాగా కారుతుంది. నల్లరాయి లోపల్నుంచి పాలు కారటం చూస్తూ కాసేపు కెమెరా దించేశాను.

కోసిన ముఖం ఆరితే బూడిద రంగులో ఉంటుంది, దాన్ని చూసి ఎవరూ ముచ్చటపడరు. నేను దాన్నే తీస్తుంటే మేస్త్రి చూసి, "అట్లా కాదు సార్, ఉండండి" అని తన నీళ్ళ సీసా తెచ్చి అరచేత్తో రాతి మీద పులిమాడు. చెయ్యి వెళ్ళినంత మేరా బూడిద పోయి కాటుక నలుపు వచ్చింది. ఆ నలుపులోంచి చుక్కలు ఒక్కొక్కటే పైకి తేలాయి. కొన్ని ఆవగింజంత, కొన్ని పెసరగింజంత. తల కాస్త పక్కకి వంచితే కొన్ని ఆరిపోయి ఇంకొన్ని వెలిగాయి. మార్చి ఎండకి రెండు నిమిషాల్లో ఆరి మళ్ళీ బూడిదైంది. చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్సు బిగించి, ట్రైపాడ్ సర్దుకుని తియ్యటానికి ఆయన చేత నాలుగుసార్లు నీళ్ళు పోయించాను. నాలుగోసారి రాతి మీద చెయ్యి అలాగే ఉంచమన్నాను. గోళ్ళలో తెల్లపొడి, వేళ్ళ మధ్య చుక్కలు. నేను ఇరవై ఏళ్ళుగా కెమెరా పట్టుకున్నాను. నా మంచి ఫోటోల్లో అదొకటి.

కొత్తగా తీసేవాళ్ళకి ఒక మాట. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఏ దృశ్యాన్నయినా మధ్యస్థమైన బూడిద రంగుకి లాగాలని చూస్తుంది. నల్లరాతి గోడని దాని లెక్కకి వదిలేస్తే రాయి వెలిసిపోయిన పలకలా వస్తుంది. ఒక స్టాపో, ఒకటిన్నరో తగ్గించి తీస్తేనే నలుపు నలుపుగా పడుతుంది. ఒక స్టాపు తగ్గించటం అంటే వెలుతురు సగం చెయ్యటం. గుంటలో ఒక పక్క ఎండ, ఒక పక్క చీకటి నీడ ఉంటే పగలు పదింటి తర్వాత పని కాదు. పొద్దున ఎండ అడుగుకి దిగకముందే తియ్యాలి.

అక్కడే ఒక తప్పు చేశాను. ఆ పొడిలో నిలబడి లెన్సు మార్చాను. కారు దాకా వెళ్ళి, అద్దాలు ఎత్తుకుని మార్చుకోవాలని తెలుసు. మేస్త్రి చెయ్యి ఆరిపోతుందన్న తొందరలో మార్చేశాను. దాని ఫలితం రెండు రోజుల తర్వాత గానీ తెలియలేదు.

సాయంత్రం గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్లో ఒక పాలిష్ యూనిట్‌కి వెళ్ళాం. పొద్దున చూసిన బ్లాకులే అక్కడ పలకలై, యంత్రం కింద ఒక్కో రాపిడికీ అద్దంగా మారుతున్నాయి. షెడ్డులో ట్యూబులైట్లు పలకలో వరసగా కనిపిస్తున్నాయి. వాటి కింద నా ముఖం, పక్కన మా బావమరిది ముఖం. పోలరైజర్ తిప్పి ఆ ప్రతిబింబాన్ని తగ్గించి రాయిని తీశాను. తర్వాత పోలరైజర్ తీసేసి లైట్లతో సహా ఇంకోటి తీశాను. రెండోదే బాగుంది.

రెండో రోజు: ఇసకపల్లి ఉప్పు మళ్ళు

కావలి దాకా హైవే, అక్కడినుంచి అల్లూరు మీదుగా ఇసకపల్లి. దారి పొడవునా రొయ్యల గుంటలు. ఏరేటర్ల రెక్కలు నీళ్ళని చిలుకుతుంటే ప్రతి గుంటా ఉడుకుతున్న గిన్నెలా ఉంది. ఒక చోట దిగి, షట్టర్ వేగం సెకనులో ఎనిమిదో వంతుకి తగ్గించి, చిమ్మే నీళ్ళు దూదిలా వచ్చేలా తీశాను. బాగానే వచ్చాయి గానీ నాకు ఎక్కువసేపు నిలబడాలనిపించలేదు.

ఉప్పు మళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి మూడు దాటింది. నిన్నంతా నలుపు, ఈ రోజు కళ్ళు తెరవలేనంత తెలుపు. ఉప్పునీటిని ముందు పెద్ద మళ్ళల్లోకి పెడతారు. ఎండకి నీళ్ళు ఇగిరి చిక్కబడేకొద్దీ ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మారుస్తూ, చివరికి చిన్న మళ్ళల్లోకి తెస్తారు. ఎంత చిక్కబడిందో గాజు బుడ్డి తేల్చి డిగ్రీల్లో చూస్తారు. సముద్రపు నీరు మూడు డిగ్రీల దగ్గర ఉంటుంది, ఇరవై అయిదు దగ్గరికి వచ్చాక ఉప్పు పేరటం మొదలవుతుంది. మరీ చిక్కబడితే మిగిలిన నీరు చేదెక్కుతుంది, దాన్ని బయటికి వదిలేస్తారు. ఆ చేదు ఉప్పులోకి రాకుండా చూసుకోటంలోనే పనితనం ఉంది.

"బుడ్డి ఉండాది గానీ, నాకు దాంతో పన్లేదు" అన్నాడు ఒక పెద్దాయన. మడి గట్టున గొంతుక్కూర్చుని వేలు ముంచి బొటనవేలితో రాసి చూశాడు. "ఇంకా పండలేదు. రేపు ఎండ బాగుంటే పూత పడతాది." నన్ను కూడా ముంచి చూడమన్నాడు. నీళ్ళు నూనెలాగా జారాయి. కాసేపటికి వేలు ఆరి, తెల్లటి గీత మిగిలింది. కాలవలో నీళ్ళు ముట్టుకుని చూస్తే మామూలు నీళ్ళలాగే ఉన్నాయి. రెంటికీ తేడా నా వేలు కూడా చెప్పగలిగింది.

మళ్ళు వేసే ముందు అడుగుని రోజుల తరబడి కాళ్ళతో తొక్కి గట్టి చేస్తారట. అలా చెయ్యకపోతే ఉప్పుతోపాటు మట్టి లేస్తుంది. నేను చూసే అద్దంలాంటి తెల్లని నేల కింద అంత నడక ఉంది.

ఆడవాళ్ళు బుట్టల్లో ఉప్పు ఎత్తి గట్టు మీద కుప్పలు పోస్తున్నారు. ఎండ వాలుతుంటే కుప్పల నీడలు నీళ్ళలోకి సాగాయి, ఆకాశం నీళ్ళలోకి దిగింది. ఏ కాలెండర్ వాళ్ళయినా ఎగబడి కొనే దృశ్యం అది. ఒకామె బుట్ట దించి దగ్గరికి వచ్చి, "ఏదీ చూపించు నా" అంది. చూపించాను. తెర మీద చూసి మొహం చిట్లించింది. "మా ఉప్పు ఇట్ల మురిగ్గా ఉండదు. ఇట్ల పడిందంటే కొనేవోడు రేటు కోస్తాడు."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. నల్లరాయి దగ్గర జాగ్రత్తపడ్డవాణ్ణి తెల్ల ఉప్పు దగ్గర మీటరుని నమ్మాను. తెలుపుని కూడా అది బూడిదకే లాగుతుంది. ఒక స్టాపు పైకి పెంచి మళ్ళీ తీశాను. ఈసారి చూసి, "ఇదీ మా కుప్ప" అని బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. నాకు ఎక్స్‌పోజర్ అంటే లెక్క, గ్రాఫు. ఆమెకి అది కూలి. రెండో ఫోటోనే ఉంచుకుని మొదటిది తుడిపేశాను.

చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం. పోసిన కుప్పల మీద తాటాకు కప్పుతున్నారు. అకాల వాన ఒక్కటి పడితే పండిందంతా వచ్చిన దారినే పోతుంది.

మూడో రోజు: ఉదయగిరి

కావలిలో పడుకుని మూడున్నరకి బయల్దేరాం. తెల్లవారేసరికి ఉదయగిరి కొండ ఎదురుగా నీలంగా నిలబడింది. సముద్ర మట్టానికి 3,079 అడుగుల ఎత్తు. ఇది గజపతుల కోట. 1513లో కృష్ణదేవరాయలు ముట్టడి వేసి, పట్టుకోటానికి ఏడాదిన్నర దాకా కాచుకోవలసి వచ్చింది. కిందినుంచి చూస్తే ఎందుకు పట్టిందో అర్థమవుతుంది. కొండ పైభాగం నిలువు బండ, దాని మీద గోడ. ఇక్కడి గుళ్ళో ఉన్న బాలకృష్ణుణ్ణి రాయలు హంపీకి తీసుకెళ్ళి, ఆయన కోసం గుడి కట్టించాడు.

సగం ఎక్కాక ఒక పాడుబడ్డ బురుజు దగ్గర ట్రైపాడ్ వేశాను. కింద ఊరు, వెనక వరసగా వెలిగొండలు, పల్చటి పొగమంచు. లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి, ఎఫ్ పదహారు పెట్టి తీసి, తెర మీద ఆకాశాన్ని పెద్దది చేసి చూస్తే అయిదు నల్లటి మచ్చలు. గద్దలనుకున్నాను. తర్వాతి ఫోటోలో కూడా అవే గద్దలు అక్కడే ఉన్నాయి. చీమకుర్తి పొడి కెమెరా లోపల బొమ్మ పడే సెన్సారు మీద కూర్చుంది.

బ్లోయర్ తెచ్చాను, అది నయం. కెమెరా నోరు నేలవైపు ఉంచి ఊదితే మూడు పోయాయి, రెండు పోలేదు. తడి గుడ్డతో తుడిచే పని కొండ మీద చెయ్యకూడదు. అలాంటప్పుడు దారి ఒకటుంది. లెన్సు రంధ్రం ఎంత చిన్నదిగా ఉంటే దుమ్ము అంత స్పష్టంగా పడుతుంది. పెద్దది చేస్తే మచ్చ కరిగి కనపడకుండా పోతుంది. అందుకని ఎఫ్ 5.6కి వచ్చి, దగ్గరి గోడ ఒకసారి, దూరపు కొండలు ఒకసారి ఫోకస్ చేసి రెండు ముక్కలుగా తీశాను. ఇంటికొచ్చాక కలిపాను. కోట గురించి ఇంకా చెప్పొచ్చు గానీ, ఆ రోజు నా మనసు కింద ఊళ్ళో పట్టుకుంది.

ఉదయగిరి చెక్క గరిటెలు మీరు చూసే ఉంటారు. చెంచాలు, ఫోర్కులు, తెడ్లు, పండ్లు గుచ్చుకునే పుల్లలు. భౌగోళిక గుర్తింపు ఉన్న సరుకు ఇది. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి, దేవదారి కర్రతో చేస్తారు. ఎక్కువగా ముస్లిం కుటుంబాల ఆడవాళ్ళే చేస్తారు. ఒక సందులో తలుపు తెరిచి ఉంటే, "అక్కా, చూడొచ్చా?" అని అడిగి గడప దగ్గర కూర్చున్నాను.

ఆమె వయసు యాభై ఉంటుంది. కాళ్ళు చాపుకుని, రెండు పాదాల మధ్య కర్ర ముక్క బిగించి, ఆకురాయితో అరగదీస్తోంది. పక్కన బాడిసెతో చెక్కిన మొరటు ముక్కల కుప్ప. మాట్లాడుతూనే ఉంది, చెయ్యి ఆగలేదు. కర్ర ముక్కకి ముందు మెడ వచ్చింది, తర్వాత గుంట, తర్వాత పిడి చివర చిన్న ఆకు. ప్రతి నాలుగైదు రాపిళ్ళకీ బొటనవేలితో గుంట లోపల తడిమి చూసేది. పెదవికి తగిలే వస్తువు కదా, గరుకు ఉండకూడదు అంది. ఆమె బొటనవేలి చివర నున్నగా మెరుస్తోంది, గీతలు లేవు. మొన్న ఆధార్ కోసం వేలిముద్ర పడక రెండుసార్లు తిరిగానని చెప్పింది.

ఫ్లాష్ వాడలేదు. గడపలోంచి వచ్చే వెలుతురు ఆమె చేతుల మీద పడుతోంది, వెనక గదంతా చీకటి. రజను గాల్లో తేలుతుంటే ఆ వెలుతురికి ఒక ఆకారం వచ్చింది. మొహం వద్దంది, సరేనన్నాను. చేతులు, చెంచా, పాదాలు తీశాను.

నేను ఇన్నాళ్ళూ పరిశ్రమ అంటే షెడ్డు, గొట్టం, పెద్ద గేటు అనుకునేవాణ్ణి. వాటిని ఫోటో తీసేవాళ్ళు కూడా పెద్ద ఆకారాల వెంటే పడతారు. ఈ గదిలో రోజుకి ఎన్ని చెంచాలు తయారవుతున్నాయో, అవి ఎన్ని ఊళ్ళ వంటిళ్ళకి పోతున్నాయో చూస్తే ఇది పరిశ్రమ కాకుండా ఎలా పోతుంది? కొండ మీద కోటని చూడ్డానికి వచ్చేవాళ్ళు ఈ సందు దాకా రారు. కోట మెట్ల పక్కన పెరిగే కర్రే ఇక్కడి చెంచా అని వాళ్ళకి చెప్పేవాళ్ళు కావాలి. రెండు గరిటెలు, ఆరు చెంచాలు కొన్నాను. మా బావమరిది బేరం ఆడబోతే ఆపాను.

నాలుగో రోజు: సోమశిల, పెన్న

ఆ రోజు వెలుతురు కలిసి రాలేదు. పొద్దున్నుంచీ ఆకాశం వెలిసిపోయి ఉంది. సోమశిల చేరేసరికి పదకొండు. పెన్న కొండల్ని దాటి మైదానంలోకి వచ్చే చోట కట్టిన ఆనకట్ట. 78 టీఎంసీల జలాశయం. నెల్లూరు జిల్లా వరి చాలావరకు ఈ నీళ్ళ మీద ఆధారపడింది. కట్ట మీంచి చూస్తే ఒక పక్క సముద్రంలా నీళ్ళు, ఇంకో పక్క రాళ్ళ మధ్య సన్నటి ఏరు. మధ్యాహ్నపు ఎండలో ఆ నీళ్ళు తగరంలా మెరుస్తున్నాయి. ఒక్క ఫోటో తీసి, చెట్టు కింద పడుకుని, కార్డులు హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకున్నాను. సెన్సారు కూడా కార్లో అద్దాలు మూసుకుని తుడుచుకున్నాను. మచ్చలు పోయాయి.

ఆత్మకూరు, సంగం మీదుగా నెల్లూరు. సంగం దగ్గర పాత ఆనకట్ట స్థానంలో 2022లో ప్రారంభించిన బ్యారేజీ గేట్లు వరసగా కనిపించాయి. దారిలో రెండు పక్కలా కోతకొచ్చిన వరి. సాయంత్రం రంగనాయకుల గుడి వెనక పెన్న ఒడ్డున నిలబడి గాలిగోపురాన్ని తీశాను. పక్కనే సెల్ టవరు ఉంది. దాన్ని తప్పించటానికి కాలు దానంతటదే కుడికి కదిలింది. ఆపుకున్నాను. గోపురం, టవరు, నదిలో బట్టలు ఉతికేవాళ్ళు అందరూ ఉన్నారు ఆ ఫోటోలో.

రాత్రి చేపల పులుసు తిన్నాం. మామిడికాయ వేసి నిన్న వండిన పులుసే కావాలని అడిగి తిన్నాం.

అయిదో రోజు: కృష్ణపట్నం

నాలుగింటికి ముత్తుకూరు రోడ్డు మీద ఉన్నాం. టీకొట్టు దగ్గర ట్రైలర్లు వరసగా ఆగి ఉన్నాయి. ఒకదాని మీద తాళ్ళు, గొలుసులు బిగించిన నల్లటి బ్లాకు, దాని పక్కన తెల్లరంగుతో రాసిన అంకెలు. ముట్టుకుని చూశాను. చల్లగా ఉంది. మంచుకి తడిసింది కాబట్టి టార్చి వేస్తే చుక్కలు కనిపించాయి. డ్రైవరు చీమకుర్తి నుంచే అన్నాడు. రేవులో దించి టిఫిను చేసి వెనక్కి పోవాలట. నాలుగు రోజుల కిందట నేను వదిలి వచ్చిన రాయి నాకంటే ముందే సముద్రం దగ్గరికి వచ్చి కూర్చుంది.

రేవు, థర్మల్ స్టేషను రెండూ రక్షిత ప్రాంతాలు. లోపలికి వెళ్ళి తియ్యాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. డ్రోను ఎగరెయ్యాలన్నా ముందు ఆ చోటు రెడ్ జోనులో ఉందేమో మ్యాపులో చూసుకోవాలి. నేను డ్రోను తీసుకెళ్ళలేదు, గేట్ల వైపు కెమెరా తిప్పలేదు. అందరూ నడిచే ఒడ్డు చాలు నాకు. ఇలాంటి చోట్లకి వెళ్ళే కుర్రాళ్ళు దయచేసి ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కాపలా మనిషితో గొడవ పెట్టుకుంటే పోయేది వాళ్ళ ఉద్యోగం, మన కార్డు.

నేలటూరు దగ్గర ఉన్నది దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం. 1960 నుంచి 1962 దాకా ఆంధ్రప్రదేశ్‌కి ముఖ్యమంత్రిగా చేసిన ఆయన పేరు పెట్టారు. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి ఆయన. ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు మూడు. మూడోది 2022 అక్టోబరులో జాతికి అంకితమైంది. ఆ చీకట్లో గొట్టాల మీద ఎర్రదీపాలు వెలిగి ఆరుతున్నాయి. ఈ పక్కగా బకింగ్‌హామ్ కాలువ వెళ్తుంది. ధాత కరువులో జనానికి పని చూపించటానికి 1877, 78ల్లో తవ్వించిన భాగాల వల్ల అది ఒక్కటిగా కలిసింది. ఆకలితో ఉన్న చేతులు తవ్విన కాలవ ఒక వైపు, దేశదేశాల బొగ్గు దించే రేవు ఒక వైపు. మధ్యలో ఈ ఉప్పుటేరు, పడవలు.

నా పాత ఫోటో తీసిన చోటు వెతికి పట్టుకున్నాను. ఈసారి నాలుగడుగులు ఎడమకి జరిగాను. పడవ, నీళ్ళు, గొట్టం మూడూ ఫ్రేములోకి వచ్చాయి. కానీ తెల్లవారకముందు తియ్యాలంటే ఇరవై సెకన్లు షట్టర్ తెరిచి ఉంచాలి. ఆ ఇరవై సెకన్లలో పడవ ఊగి పడవ రూపమే లేకుండా పోతోంది. వెలుతురుని పట్టే ఐఎస్ఓ పెంచి తక్కువసేపు తీస్తే నీళ్ళ మీద ఆ నునుపు పోతుంది. రెండు మూడు తీసి తల పట్టుకున్నాను.

వల సర్దుకుంటున్న ఒకాయన చూస్తున్నాడు. "ఏం నా, పడట్లేదా?" అన్నాడు. సంగతి చెప్పాను. నీళ్ళలోకి ఒక్క చూపు చూసి, "ఇంకా పోటు ఎక్కతా ఉండాది. కాసేపు తాళు. పోటు నిండి మళ్ళీ ఆటు మొదలయ్యే ముందు నీళ్ళు నిలబడతాయి. అప్పుడు పడవ గోడకి తగిలించిన పటం మాదిరి ఉంటది" అన్నాడు.

అలాగే జరిగింది. తూర్పు కాస్త తేలికపడుతుండగా నీళ్ళ మీద కొట్టుకుపోతున్న నురగ ఆగింది. కట్టిన తాడు వదులైంది. పడవ కదల్లేదు. ఇరవై సెకన్ల ఫోటోలు నాలుగు తీశాను. నాలుగింటిలోనూ పడవ అంచు కత్తితో గీసినట్టు వచ్చింది. ఎర్రదీపాల నీడలు నీళ్ళలో సన్నగా నిలువుగా దిగాయి. గొట్టం పొగ ఉత్తరానికి వంగి, మెల్లగా గులాబీ రంగు తిరిగింది. గొట్టం లేకపోతే ఆ ఫోటోకి నిలువు గీతే లేదు. ఆరేళ్ళ కిందట నేను చెరిపేసింది దీన్ని.

"సముద్రంలోంచి వచ్చేప్పుడు మాకు ముందు కనపడేది ఆ లైట్లే" అన్నాడు ఆయన. తన కొడుకు రోజూ కాంట్రాక్టు పనికి ప్లాంటులోకి పోతాడని, తను మాత్రం ఏట్లోకే పోతానని చెప్పాడు. టీ తాగి పొమ్మని ఇంటికి పిలిచాడు. వసారాలో వెదురు వాసానికి వల ఆరేసి ఉంది. అదే వాసానికి, అదే మేకుకి, కొడుకు పసుపు హెల్మెట్ వేలాడుతోంది. వల చివర సీసపు గుళ్ళు హెల్మెట్‌కి తగిలి గాలికి టిక్కుటిక్కుమంటున్నాయి. హెల్మెట్ లోపలి పట్టీ మీద ఉప్పు తెల్లగా చారలు కట్టింది. అది చెమట ఉప్పో, వలలోంచి వచ్చిన ఉప్పో.

గ్లాసు కింద పెట్టి, అడిగి, ఆ మేకుని తీశాను. ఒక్కటే తీశాను.

ఇంటికొచ్చిన వారానికి ప్రింట్లు వేయించాను. పెద్దాయనకీ, ఉప్పు ఎత్తే ఆమెకీ ఇసకపల్లి కవరు ఒకటి. ఉదయగిరి కవరు ఆర్టీసీ కార్గోలో వెళ్ళింది. చీమకుర్తి మేస్త్రి పండక్కి ఊరెళ్ళాడు. ఆయన చేతి ఫోటో ఫోనులో పంపితే, రాతి మీద ఉన్నది తన చెయ్యేనని ఇంట్లోవాళ్ళు నమ్మట్లేదని, సీసా పట్టుకుని ఉన్నది కూడా పంపమని అడిగాడు. ముత్తుకూరు అమ్మకి గొట్టం ఉన్న ఫోటో ఫ్రేము కట్టించి పక్కన పెట్టాను.

కృష్ణపట్నం కవరు అతికిస్తుంటే ఆయన దగ్గరనుంచే ఫోను వచ్చింది.

"నా, ఫోటోలో మా వోడి టోపీ పడిందా?"

"పడిందన్నా. వల కూడా పడింది."

"అయితే రెండు పంపించు. వోడికొకటి, నాకొకటి."